ఎన్నికలు ఆగిపోయిన ఊళ్లో నేనేం చేయాలక్కా?

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది నర్సంపేట అవతల చిన్న ఊరు. ఇక్కడికి కోడలిగా వచ్చి మూడేండ్లయింది. ఈసారి ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా ఊరి ఆడోళ్లందరం ఒక్క దగ్గరే బతుకమ్మ ఆడినం. చెరువు కట్ట మీద లైట్లు లేవు. సద్దుల నాడు ఫోన్ల టార్చీలు పట్టుకొని నీళ్లల్లకు దిగినం. సరిగ్గా అప్పుడే పంచాయతీ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఇంక తెల్లారేసరికి ఇటువాళ్లు, అటువాళ్లు అయిన్రు. దసరా నాడు జమ్మి పెట్టనీకి కూడా కొందరు కొందరి ఇండ్లకు పోలేదు. తీరా ఎన్నికలే ఆగిపోయినయి. ఆ తర్వాత తుఫానుకు కోసిన వడ్లు తడిసినయి, పత్తి నల్లబడ్డది. ఎవరికి చెప్పాలన్నా ఊళ్లె సర్పంచ్ లేడు. పెద్దమనుషులేమో మళ్ల ఎన్నికలొస్తే ఏకగ్రీవం చేద్దాం, గుడికి ఎక్కువ ఇచ్చినోళ్లకే పదవి అంటున్నరు. మా బావగారు ఒకాయన వెంట తిరుగుతున్నరు, ఇంటోళ్లందరి ఓట్లు ఆయనకే అని మాటిచ్చిన్రట. నాకు ఇవన్నీ పట్టించుకోవాలని ఉంటది. మా అత్తమ్మ మాత్రం "ఎవలు గెలిస్తే మనకేమొస్తది బిడ్డా, ఊకో" అంటది. నా ఓటు ఇంకా తల్లిగారి ఊళ్లెనే ఉన్నది. నేను చేయగలిగింది ఏమన్నా ఉన్నదా?

సమాధానం:

చెల్లీ, ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన సంగతినే నేను ముందు పట్టుకుంటాను. నీ ఓటు ఇంకా తల్లిగారి ఊళ్లోనే ఉందన్నావు. మన దిక్కు కోడలి పేరు రేషన్ కార్డులోకి ఎక్కించడానికి ఇంటోళ్లు ఎన్నిసార్లు తిరుగుతారో నీకు తెలుసు. ఓటు మార్పించడానికి అందులో నాలుగో వంతు కూడా తిరగరు. అందుకే చాలా ఊళ్లల్లో పెళ్లయి వచ్చిన ఆడపిల్లలు ఏండ్లకు ఏండ్లు ఇక్కడ బతుకుతూ, అక్కడ ఓటరుగా ఉండిపోతారు. తాగే నీళ్లు ఈ ఊరివి, నడిచే బాట ఈ ఊరిది. వాటి గురించి అడిగే హక్కు మాత్రం ఇంకో ఊళ్లో ఉంటుంది.

పంచాయతీ ఎన్నికలకని వేరే జాబితా తయారు చేయరు. అసెంబ్లీ ఓటర్ల జాబితానే వార్డుల వారీగా విడగొట్టి పంచాయతీ జాబితా చేస్తారు. కాబట్టి నువ్వు మార్పించుకోవాల్సింది అసెంబ్లీ జాబితాలో. దానికి ఫారం 8 నింపాలి. ఫారం 6 కొత్తగా ఓటు నమోదు చేసుకునే వాళ్లది, అది నీకు కాదు. అది నింపితే రెండు చోట్లా పేరు ఉండి, రేపు ఎవరో ఒకరు అభ్యంతరం పెడతారు. మీ ఊరి బీఎల్వో, అంటే ఓటర్ల జాబితా చూసే బూత్ అధికారి, ఎవరో అడుగు. చాలా ఊళ్లల్లో అంగన్‌వాడీ టీచరే ఉంటుంది. ఫోన్లో కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ బీఎల్వోను కలిసి చెప్తే విచారణకు వచ్చినప్పుడు నీ ఇల్లు వెతుక్కునే పని ఉండదు. ఈ వారంలోనే చెయ్యి. నేనిది రాస్తున్న 2025 నవంబరు మొదట్లో ఎన్నికల తేదీలు తేలలేదు గానీ, తేలితే ఎక్కువ రోజులు టైమివ్వరు. మీ అన్నయ్యో తమ్ముడో "మనకు ఒక ఓటు తగ్గుతది, ఇక్కడనే ఉంచు" అంటాడు, చూస్తూ ఉండు. ప్రేమతోనే అంటాడు. అయినా మార్పించుకో.

ఇక ఎన్నికలు ఆగిపోయిన ముచ్చట. 2025 సెప్టెంబరు 29న షెడ్యూలు ఇచ్చారు, అక్టోబరు, నవంబరుల్లో ఐదు విడతల్లో మండల, జిల్లా పరిషత్తులకూ పంచాయతీలకూ ఎన్నికలన్నారు. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ఇచ్చిన జీవో మీద అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇవ్వడంతో అంతా నిలిచిపోయింది. ఆ పది రోజుల్లో ఊళ్లల్లో పెట్టిన ఖర్చు, పెరిగిన పగలు మాత్రం వెనక్కి పోలేదు. రిజర్వేషన్ల వాదం పెద్దది, న్యాయమైనది, అది కోర్టుల్లో తేలాల్సిందే. నా బాధ వేరే. మన సర్పంచుల పదవీకాలం 2024 జనవరి చివరతో అయిపోయింది. అప్పటి నుంచి ప్రత్యేకాధికారులే దిక్కు. వాళ్లకు ఉన్న ఉద్యోగం ఉండగానే ఊళ్ల బాధ్యత పైన పడింది. వాళ్లను తిట్టి లాభం లేదు, కానీ రాత్రి మోటరు కాలిపోతే తలుపు కొట్టడానికి ఊళ్లో ఒక ఇల్లంటూ లేకుండా పోయింది. పైసల సంగతి అంతకన్నా అన్యాయం. కేంద్రం నుంచి 15వ ఆర్థిక సంఘం నిధులు రావాలంటే గెలిచిన పాలకవర్గం ఉండాలన్నది షరతు. పాలకవర్గం లేదు, ఆ పైసలు ఆగాయి. ఆ ఆర్థిక సంఘం గడువేమో 2026 మార్చి దాకానే. "ఎవలు గెలిస్తే మనకేమొస్తది" అన్న మీ అత్తమ్మకు ఈ ఒక్క ముచ్చట నెమ్మదిగా చెప్పు. ఎవరు గెలిచినా సరే, అసలు ఎవరో ఒకరు గెలవకపోతే ఊరికి రావాల్సింది రాదు.

ఎన్నిక ఆగింది గానీ, ఊరి లెక్క రాసే కాలం ఆగలేదు. ఏటా అక్టోబరు 2 నుంచి జనవరి 31 దాకా, అంటే సరిగ్గా మనకు పత్తి ఏరే కాలం, వరికోతల కాలంలోనే, వచ్చే ఏడాదికి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారవుతుంది. గ్రామసభ పెట్టి, ఏ పనులు కావాలో అడిగి, రాసి, ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లో ఎక్కించాలి. ఆర్థిక సంఘం పైసలు ఆ ప్రణాళికలో ఉన్న పనులకే ఖర్చు పెట్టాలి. ఈసారి గాంధీ జయంతి, దసరా ఒక్కనాడే వచ్చాయి. పాలపిట్టను చూడపోయే రోజు గ్రామసభ ఎవరికి గుర్తుంటుంది? పైగా ఎన్నికల కోడ్. అట్లని ప్రణాళిక రాయకుండా ఉండరు. మనం పోకపోతే పోయినేడు రాసిందే కాస్త మార్చి మళ్లీ ఎక్కిస్తారు, అంతే.

నీ చెరువు కట్ట లైట్లనే తీసుకుందాం. అది ఎట్లా పనిగా మారుతుందో దగ్గర నుంచి చూస్తే నీకు మిగతావన్నీ అర్థమవుతాయి. ముందు ఒకనాడు పొద్దుగూకే వేళ కట్ట మీద నడిచి, ఊరి చివరి స్తంభం నుంచి బతుకమ్మలు వేసే మెట్ల దాకా ఎంత దూరమో, మధ్యలో స్తంభాలు ఉన్నాయో లేవో చూసుకో. స్తంభాలుంటే వాటికి మూడో తీగ ఉందా అని లైన్‌మన్‌ను అడుగు. వీధిలైట్ల కోసం వేసే ఆ తీగ లేకపోతే బల్బు పెట్టినా ఆన్ ఆఫ్ చేసే దారి ఉండదు, పగలూ రాత్రీ వెలిగి తొందరగా మాడిపోతుంది. స్తంభాలే లేకపోతే అది కరెంటోళ్ల అంచనాతో కూడిన పని, ఖర్చు పెరుగుతుంది. ఇది తెలిశాక కాగితం మీద రాయి: "చెరువు కట్టకు లైట్లు కావాలి" అని కాదు, "ఫలానా స్తంభం నుంచి బతుకమ్మ మెట్ల దాకా ఇన్ని స్తంభాలు, మూడో తీగ, ఇన్ని బల్బులు" అని. కింద మీ మహిళా సంఘంలో ఎంతమంది ఉన్నారో అంతమంది సంతకాలు. పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, ఇంకో కాపీ మీద అందినట్టు సంతకం, ముద్ర తీసుకో.

పైసలు ఏ ఖాతాలోంచి అడగాలో కూడా తెలిసి ఉంటే మంచిది. ఈ 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం మంచినీళ్లకూ పారిశుద్ధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి, జీతాలకు తప్ప. మురికి కాలువ అడిగితే మొదటి దాంట్లోంచి, లైట్లు అడిగితే రెండో దాంట్లోంచి. "పైసల్లేవమ్మా" అని కార్యదర్శి అన్నప్పుడు, ఏ పైసలు లేవో అడగగలిగితే ఆయన కూడా కుర్చీ చూపించి మాట్లాడతాడు. నిజానికి ఈ రెండేండ్లు చాలామంది కార్యదర్శులు ట్రాక్టరు డీజిలుకు కూడా నానా తిప్పలు పడ్డారు. ఆయనను శత్రువును చేసుకోకు. లెక్క చూపించనంటే మాత్రం సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు.

తుఫాను గురించి రాశావు. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది, మర్నాడు వరంగల్, హనుమకొండల్లో కాలనీలకు కాలనీలు మునిగాయి, మీ దిక్కు కల్లాల్లో వడ్లు తేలాయి. ఇక్కడ ఒక సంగతి కలిపేసుకోవద్దు. పంట నష్టం రాసేది వ్యవసాయ శాఖ, ఏఈవో (వ్యవసాయ విస్తరణాధికారి) వచ్చి చూసి రాయాలి. వడ్లు కొనేది మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కేంద్రాలు, సొసైటీ కేంద్రాలు, 17 శాతం తేమ అన్నది పైనుంచి వచ్చిన నిబంధన. పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ తేమ 12 శాతం దాటనివ్వదు. వీటిని ఏ సర్పంచూ మార్చలేడు. అయితే సర్పంచ్ ఉంటే ఏఈవోను వెంటేసుకొని ఏ చెల్క మునిగిందో చూపిస్తాడు, కౌలు రైతు పేరు జాబితాలో లేకపోతే మండలంలో కొట్లాడతాడు. ఆ మనిషి లేని లోటు మీకు ఈ కొన్ని రోజుల్లోనే తెలిసి వచ్చింది. రేపు ఓటు అడగడానికి వచ్చిన వాళ్లను మొట్టమొదట ఇదే అడగాలి: "వాన పడ్డ తెల్లారి నువ్వు ఎక్కడ ఉన్నవు?" పదవి లేకపోయినా మడి గట్ల మీద తిరిగిన వాళ్లు ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉంటారు. మీ ఊళ్లోనూ ఉండి ఉంటారు. వాళ్ల పేర్లు రాసి పెట్టుకో.

ఏకగ్రీవం మాట దగ్గర నాకు కోపం ఆగదు. నిజంగా ఊరంతా కూర్చొని, మాదిగవాడ, గొల్లవాడ, తండా అన్నీ మాట్లాడి, అందరికీ ఇష్టమైన మనిషిని పెడితే అంతకన్నా కావాల్సింది లేదు. మీ పెద్దమనుషులు అంటున్నది అది కాదు. గుడి పేరు చెప్పి పదవిని వేలం పాడుతున్నారు. పాడుకున్న వాడు ఆ పైసలు గుడికి ఇచ్చి ఊకుంటాడా? ఐదేండ్లల్లో సిమెంటు రోడ్డు మందంలోంచి, మోటరు రిపేరు బిల్లులోంచి తీసుకుంటాడు. పైగా అది చట్టానికి విరుద్ధం, వేలం పాడి చేసిన ఏకగ్రీవాన్ని ఎన్నికల సంఘం ఒప్పుకోదు. ఓటు కోసం పైసలివ్వడం, తీసుకోవడం నేరం, భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఏడాది దాకా జైలు. కొత్తగా వచ్చిన కోడలివి, పెద్దమనుషుల ముందు నిలబడి ఇదంతా చెప్పమని నేను అనను. అయితే ఆ కూర్చున్న వాళ్లల్లో ఆడవాళ్లు ఎందరు? మీ సంఘం మీటింగులో ఈ ఒక్క ప్రశ్న వేయి. గుడికి పైసలు కావాలంటే చందా వేసుకుందాం, ఊరి పదవి ఎందుకు అమ్మాలి అని సంఘంలో పెద్దామె ఒకరు అంటే, ఆ మాట సాయంత్రానికల్లా రచ్చబండకు చేరుతుంది.

మీ బావగారి సంగతి కొంచెం సున్నితం. ఇంటి ఓట్లన్నీ ఇస్తానని మాటిచ్చింది ఆయన, నువ్వు కాదు. ఇంట్లో గొడవ పెట్టుకోవద్దు. "ఎవరికేస్తవ్?" అని అడిగితే "ఆలోచిస్తున్న బావా" అను, అది అబద్ధం కాదు. పంచాయతీ ఎన్నికలు బ్యాలెట్ పేపరు మీద జరుగుతాయి. సర్పంచ్‌కు గులాబీ రంగు, వార్డు మెంబరుకు తెల్లది. కంపార్ట్‌మెంటులో నువ్వూ, ఆ రెండు కాగితాలూ, స్వస్తిక్ ముద్రా తప్ప ఇంకెవరూ ఉండరు. ముద్ర వేసిన సిరా పక్క గుర్తు మీద అంటకుండా చూసి మడత పెట్టు, అంటితే ఓటు చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. చిన్న ఊళ్లల్లో ఒకటి రెండు ఓట్లతో సర్పంచులు మారిపోతారు, సమానమైతే లాటరీ తీస్తారు. అటువంటి చోట చెల్లని ఓటంత బాధ పెట్టేది ఇంకొకటి లేదు. బావగారికి ఇంకో మాట కూడా చెప్పొచ్చు, మర్యాదగానే. "నువ్వు తిరుగుతున్న ఆయనను ఒకసారి మన ఇంటికి తీసుకరా బావా, మా సంఘపోళ్లు కట్ట లైట్ల గురించి అడుగుతరట" అను. ఆయన నిలబెట్టే మనిషి మంచోడైతే వస్తాడు. రాకపోతే అది కూడా మీకందరికీ ఒక జవాబే.

మీ ఊరు ఆడవాళ్లకు రిజర్వు అయితే మరీ గట్టిగా ఉండాలి. సగం సీట్లు మనవి, చట్టం ఇచ్చింది. అయినా ఫ్లెక్సీ మీద ఆమె ఫోటో చిన్నగా, భర్త ఫోటో పెద్దగా ఉంటుంది. ఓట్లు అడగడానికి ఆయన వస్తాడు, ఆమె వాకిట్లో నిలబడి దండం పెడుతుంది. మీ సంఘం ఒక తీర్మానం చేసుకోవాలి: అభ్యర్థే వచ్చి మాట్లాడాలి, ఆమె గొంతుతోనే వింటాం. మొదట ఆమె తడబడితే ఓపిక పట్టండి. పదిమంది ఆడవాళ్ల ముందు మాట్లాడడం అలవాటైతే, రేపు మండలంలో అధికారుల ముందు కూడా మాట్లాడుతుంది.

దసరాకు జమ్మి పెట్టుకోని ఇండ్ల గురించి నువ్వు రాసింది చదివి మనసు కలుక్కుమంది. బంగారం పంచుకొని అలాయ్ బలాయ్ తీసుకునే రోజున కూడా ముఖాలు తిప్పుకున్నారంటే, అది ఎన్నికల తప్పు కాదు. ఇచ్చిన దావతులూ, పోసిన మందూ చేసిన పని. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది, దీపాలకు అందరూ గుడికి వస్తారు. ఏ ఇంటికి పోలేదో ఆ ఇంటావిడ పక్కన కూర్చో. ఎన్నికల ఊసెత్తకు. ఆమె చేను ఎంత మునిగింది, నష్టం జాబితాలో పేరు వచ్చిందా అని అడుగు. అటుపక్క వాళ్ల పేరు కూడా జాబితాలో ఎక్కించడానికి నువ్వు ఒక మాట సాయం చేస్తే, పార్టీల గోడ అక్కడే సగం కూలుతుంది. బతుకమ్మ చుట్టూ ఆడినప్పుడు ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకోలేదు కదా మీరు, ఆ ఆడవాళ్లే సంఘంలోనూ ఉన్నారు.

చివరిగా, నువ్వు అడగలేదు గానీ నేనే అంటున్నాను. వార్డు మెంబరుగా నిలబడే ఆలోచన చేశావా? ఉత్తరమంతా కట్ట, లైట్లు, వడ్లు, ఏకగ్రీవం అని రాశావు, నీ గురించి ఒక్క ముక్క అడగలేదు. అట్లాంటి మనిషే వార్డుకు కావాలి. 21 ఏండ్లు నిండి, ఆ పంచాయతీలో ఓటు ఉండాలి. డిపాజిటు 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 250. ప్రతిపాదించడానికి ఆ వార్డు ఓటరు ఒకరు చాలు. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో వార్డు మెంబరు ఖర్చు 30 వేలు దాటకూడదన్నది పరిమితి, మనసుంటే అందులో పదో వంతుతో కూడా చేయవచ్చు, ఎందుకంటే తిరగాల్సింది నీకు ముఖం తెలిసిన ఇండ్లే. సర్పంచ్ ఎవరైనా సరే, పంచాయతీ సమావేశంలో తీర్మానం మీద చేయి ఎత్తేది వార్డు మెంబర్లు. ఉపసర్పంచ్‌ను ఎన్నుకునేదీ వాళ్లే, 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి. ఆ రెండో సంతకం ఎవరిదో తేల్చే ఓటు చిన్నది కాదు.

రిజర్వేషన్ ఖరారయ్యాక మీ వార్డు నీకు వస్తుందో రాదో తెలుస్తుంది. అప్పటిదాకా ఆగకుండా, వచ్చే సంఘం మీటింగులో కిస్తీలు కట్టడం అయిపోయాక అడుగు, "నేను నిలబడితే మీరేమంటరు?" అని. వాళ్లు సరేనంటే మీ ఆయనతో, అత్తమ్మతో మాట్లాడి నామినేషన్ వెయ్యి. ఇప్పుడే వద్దు, ఇంకా కొత్తదానివి అంటే నొచ్చుకోకు. మరి మనలో ఎవరు నిలబడతారని అక్కడే అడుగు, లేచిన ఆమెకు ప్రతిపాదకురాలిగా నువ్వు సంతకం చెయ్యి.